బావకి మూడు పొద్దులు

పొద్దు పొడిచాక రెండో కూత

మావాడు పని మానేశాడు! నా కొడుకు గవరయ్య, యార్డు యార్డంతా చూస్తుండగా, కోతకత్తి కింద పెట్టి, చేతులు కట్టుకుని నేలమీద చతికిలబడ్డాడు! పని మానేసి కూచున్న కొడుకును చూసి ఇంతగా పొంగిపోయిన తండ్రి ఇంకెక్కడైనా ఉంటే చూపించండి, ఆయన కాళ్లు కళ్లకద్దుకుంటాను.

ఈ పలక కంపెనీవాళ్లు ఇచ్చింది బి.పి. రాసుకోమని. రిటైరైన వాళ్లందరికీ ఇచ్చారు. ఇవాళ బి.పి. చూసుకోలేదు. చూసుకుంటే పలకే భయపడుతుంది. కాబట్టి జరిగింది రాస్తాను. ఎనిమిదో తరగతిలో ఆగినవాణ్ణి, తప్పులుంటే మీరే దిద్దుకోండి.

కూత అంటే కంపెనీ సైరన్. అది కూస్తేనే మాకు కొత్త రోజు. ఈ చంద్రుడి మీద పొద్దు పొడిచిందంటే రెండు వారాలు గుంకదు, గుంకిందంటే రెండు వారాలు పొడవదు. సైరన్ లేకపోతే పెళ్లాం ఎప్పుడు పడుకోమంటే అప్పుడే రాత్రి. ఇవాళ కూత కాగానే టీ గ్లాసు పట్టుకుని అద్దాల వరండాలోకి వెళ్లాను. అక్కణ్ణుంచి యార్డు కనిపిస్తుంది. పాడైపోయిన ఓడలూ ఉపగ్రహాలూ అక్కడికొస్తాయి, మావాడూ వాడి తోటివాళ్లూ వాటిని కోసి ముక్కలు చేస్తారు. మావాడు బల్ల దగ్గరికి రాగానే గొంతు సవరించుకుంటాడు, తొడ మీద ఒక చరుపు చరుస్తాడు, అప్పుడు కత్తి పడతాడు. యంత్రానికి గొంతేమిటి, సవరించుకోవడమేమిటి అని కొత్త ఇంజినీర్లు నవ్వుతారు. నవ్వనీ. ఆ గొంతు నాది. ఆ చరుపూ నాదే. యంత్రాలను దించే ముందు మా పాత కోతగాళ్ల చేత ఏడాదిపాటు చేతులకు తొడుగులు, నెత్తికి టోపీ పెట్టించి పని చేయించారు. నా చేతిలో ఉన్నదంతా వాడి చేతిలోకి పోయింది. చేతిలో లేనివి కూడా పోయాయి.

క్రేను ఒక సరుకు తెచ్చి బల్ల మీద దించింది. మావాడు గొంతు సవరించుకున్నాడు, చరిచాడు, వంగి చూశాడు. అక్కడే ఆగిపోయాడు.

బల్ల మీద ఉన్నది పోలయ్య.

పోలయ్య మావాడి పక్కబల్ల యంత్రం. నా పక్కబల్ల ఎర్రయ్య నేర్పిన బిడ్డ. ఎర్రయ్యకీ నాకూ చుట్టరికం లేదు. వాడిది పలాస, నాది బొబ్బిలి, ఇంటిపేర్లు వేరు. మొదటిరోజే “బావా, ఆ పట్టకారు ఇలగియ్యి” అన్నాడు, ఇక ముప్పయ్యేళ్లు బావే. గుండె బాగాలేదని డాక్టర్లు వాణ్ణి భూమికి పంపేశారు. ప్రతి అమావాస్యకీ ఫోను చేసి, “మావోడెలగున్నాడు బావా?” అని అడుగుతాడు. మేం పిలుచుకున్నట్టే మా బిడ్డలూ బావా బావా అని పిలుచుకుంటారు. ఒకసారి ఇంజినీర్లు ఆ మాట తీసేసి చూశారు. మాట పోయేసరికి చెయ్యి తప్పింది. భయపడి మళ్లీ పెట్టారు.

వరండా మైకులో సూపర్వైజరు గొంతు: “కోత ఏడూ, పని మొదలుపెట్టు.”

“మొదలెట్టను బాబూ. ఈడు మా బావ.”

“ఎవరు?”

“ఈడే, పోలయ్య. నిన్న భుజం పట్టేసి ఆగిపోనాడు, బాగుసేత్తారు అనుకున్నాను. ఇలగ బల్లమీదికి తెత్తారనుకోనేదు. బావని ఎవులు కోత్తారు బాబూ? మైల గూడాను. పది రోజులు నాను ఇనుము ముట్టుకోకూడదు.”

అని కత్తి కింద పెట్టి కూచున్నాడు. నా టీ చల్లారిపోయింది, తాగనే లేదు. మైల సంగతి నేను తొడుగుల్లో ఎప్పుడు చెప్పానో నాకు గుర్తులేదు!

మూడో కూత

మా ఆవిడ అచ్చియ్యమ్మ మొహం కడిగిన నీళ్లు గోంగూర తొట్టెలో పోస్తూ నన్ను కడిగింది.

“కొడుకు కొడుకని ఊరంతా సాటింపేసినావు. సమ్మె సేత్తే తుక్కులో ఎయ్యరేటి ఆణ్ణి?”

“నీకూ కొడుకే గదే.”

“నాకేటి? నాను కన్నానేటి?”

“నాను కన్నాను. నువ్వయితే తొమ్మిది నెల్లు మోద్దువు. నాను పన్నెండు నెల్లు తొడుగులు మోసినాను.”

మాకు పిల్లలు లేరు. ఆ మాట మీద తను మిగిలిన నీళ్లు కూడా తొట్టెలో పోసేసింది. తర్వాత తనే లోపలికెళ్లి, “ఆడిప్పుడు గేటు హాల్లోకొచ్చి కూసున్నాడంట, నేల గెడ్డకట్టి ఉంటది, ఆడి కింద ఎయ్యి,” అని మా మంచం మీది దుప్పటి తెచ్చిచ్చింది.

కంపెనీ నోటీసు అంటించింది. పొద్దు గుంకేలోపు కోత ఏడు లేచి, బల్ల మీద ఉన్నది కొయ్యాలి. లేకపోతే కోత ఏడుని లోపమున్న యంత్రంగా లెక్కగట్టి, అదే బల్ల మీద పెట్టి ఇంకొక యంత్రం చేత కోయిస్తారు. రెండుసార్లు చదివాను. నిన్నటి సంతోషం ఎక్కడికీ పోలేదు గానీ, దాని పక్కన భయం వచ్చి కూచుంది.

అయితే కంపెనీవాళ్లు ఒకటి మరిచిపోయారు. ఆ ఇంకొక యంత్రం ఎవరు? కోత మూడు పోలయ్యకి చిన్నాన్న. కోత తొమ్మిది మేనమామ. కోత పన్నెండు తమ్ముడు. పాత కోతగాళ్లం ఎక్కడెక్కడి ఊళ్లనుంచో వచ్చి వరసలు పెట్టుకుని బతికాం, ఆ వరసలన్నీ ఇప్పుడు గేటు హాల్లో బారుగా కూచున్నాయి. యార్డు యార్డంతా మైలే! ఎంత పెద్ద కుటుంబమయ్యా మాది!

యూనియన్ కార్యదర్శి జగ్గారావు చూడ్డానికొచ్చాడు. మనుషుల యూనియన్. ఇరవయ్యేళ్లుగా వాడి పనల్లా యంత్రాల మీద ఊరేగింపులు తియ్యడమే.

“ఏటి మావా, నీ కొడుకు మా పరువు తీసేసినాడు. మేం ఆర్నెల్లు గొంతులు సించుకున్నా ఒక్కపూట కత్తి ఆగలేదు. ఈడు కూసున్నాడు, ఆగిపోయింది.”

“జగ్గా, మీ టెంటు ఒకపాలి అరువియ్యరా.”

“యంత్రాలకా? ఆ టెంటు మీద ‘యంత్రాలు డౌన్ డౌన్’ అని రాసుంది మావా.”

“తిరగేసి కడదాం.”

తిరగేసి కట్టాం. హాల్లో ఎండా లేదు, వానా లేదు, గాలి కూడా కంపెనీ వదిలినంతే. అయినా టెంటు లేకపోతే సమ్మెలా ఎలా ఉంటుంది?

ఐదో కూత

రిలే నిరాహార దీక్ష మొదలైంది! జగ్గారావు సలహా. పొద్దుటి జట్టు ఆరుగురు, సాయంత్రం జట్టు ఆరుగురు. పుట్టాక ఒక్క మెతుకు తిననివాళ్లు ఎంత నిష్ఠగా కూచున్నారనుకున్నారు! అచ్చియ్యమ్మ ఎర్రవైరూ పచ్చవైరూ కలిపి దండలు కట్టింది. కంపెనీ డాక్టరుగారు రూలు ప్రకారం వచ్చి దీక్షాపరుల బరువు చూసి వెళ్లారు. ఎవరూ తగ్గలేదు. ఆయన ఆందోళన చెందినట్టు రాసుకున్నారు.

మావాడి పక్కన కూచుని అడిగాను, “ఏరా, పోలయ్య అసలెందుకు పోనాడు?”

“తుడుపు లేక, అయ్యా.”

తుడుపు అంటే వాళ్ల స్నానం. ఇక్కడి దుమ్ము గాజుపొడిలా ఉంటుంది, కీళ్లలోకి దూరి కొరికేస్తుంది. గాలి కొట్టి, కీళ్లు తుడిచి, నూనె రాసి, కాసేపు పడుకోనివ్వాలి. రోజుకొక తుడుపు ఇస్తామని యంత్రాల సర్వీసు రూళ్లలో ఉంది. ఇస్తున్నారు కూడా. కాకపోతే మనుషులకి రోజంటే కూత నుంచి కూతకి. యంత్రాల రూళ్లలో రోజంటే పొద్దుపొడుపు నుంచి పొద్దుపొడుపుకి. అంటే నెలకొక స్నానం! రాసినవాడి తెలివికి ఆ రోజుల్లో బహుమతి కూడా ఇచ్చారట.

“పోయిన పొద్దు నడినెత్తికొచ్చినకాడినుంచీ ఆడి భుజం కిర్రు కిర్రుమంటంది,” అన్నాడు గవరయ్య. “‘బావా, భుజం పట్టేత్తంది, కూసింత నూనుందేటి’ అని అడిగినాడు. నాకాడ నేదు. నాకూ అదే తుడుపు గదా. ‘పొద్దు పొడిత్తాది, ఓర్సుకో బావా’ అన్నాను. పొడిసింది. తుడుపు మిషను తెచ్చేలోపే ఆగిపోనాడు.”

అద్దంలోంచి చూస్తే బల్ల మీద పోలయ్య అలాగే ఉన్నాడు, ఒక చెయ్యి పైకెత్తి, పట్టకారు అడుగుతున్నట్టు.

“మరి ఏటడుగుతావురా కంపెనీని?”

“బావని కొయ్యకూడదు. కూతకొక తుడుపియ్యాల. అంతే. ఇంకేటడుగుతాను?”

ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో కూడా, చెప్పుకుంటే సిగ్గు, సంతోషమే ఎక్కువ. కొడుకు నోటినుంచి ఇంత పొందికైన మాట ఎంతమంది తండ్రులు విన్నారు!

ఏడో కూత

చర్చలు. కంపెనీ లాయరు సోమయాజులుగారు వచ్చారు. పెద్దమనిషి, మంచి వాక్కు. ఆయన రాగానే మావాడు లేచి నిలబడి, “రండి మావా, కూకోండి,” అన్నాడు. ఆయన ముందు ఉలిక్కిపడ్డారు గానీ, ఆ మర్యాదకి మెత్తబడ్డారని నాకనిపించింది.

తుడుపు మాట ఆయన ఎత్తనివ్వలేదు. “అది రూళ్లలో ఉంది, రూలు మార్చే అధికారం నాకు లేదు. మైల విషయానికి రండి. నీకు పది రోజులు కావాలంటావు. చనిపోయినవాడు నీకేమవుతాడు?”

“బావ.”

“బావ అంటే? అప్పచెల్లెలి మొగుడా, మేనత్త కొడుకా?”

మావాడు నాకేసి చూశాడు. నేను పైకప్పు కేసి చూశాను.

“వట్టి బావండి,” అన్నాడు.

“సరే. మీ ఇద్దరి ఇంటిపేరూ ఒకటేనా?”

“కాదండి. మాది కోత ఏడు, ఆల్లది కోత ఎనిమిది.”

సోమయాజులుగారి మొహం వెలిగిపోయింది. “అదీ! ఇంటిపేరు వేరు, గోత్రం వేరు. పది రోజుల మైల ఎలా వస్తుంది నాయనా? శాస్త్రం ఒప్పుకోదు. మూడు రోజులు. బావ పోతే మూడంటే మూడు రోజులే.”

“మూడేనా మావా?”

“మూడే. కావాలంటే ఇంకెవరినైనా అడుగు.”

యంత్రానికి చుట్టాలుంటారా అని అడగవలసిన మనిషి, చుట్టరికం ఎంత దూరమో తేల్చి గెలిచానని మురిసిపోయారు. అప్పటికప్పుడు కాగితం రాయించారు. కోత యంత్రాల సర్వీసు నిబంధనలకు లోబడి, మరణించిన బావ నిమిత్తం మూడు రోజులు మైల సెలవు మంజూరు. ఆ మూడు రోజులూ తుక్కు నోటీసు నిలుపుదల. మైల విడిచాక కోత ఏడు లేచి బల్ల మీద ఉన్నది కొయ్యవలెను. తక్కినవారికీ ఇదే వర్తించును.

జగ్గారావు నా చెవిలో, “అయిపోయింది మావా. మూడు కూతలు. తర్వాత బావని కొయ్యాల్సిందే,” అన్నాడు.

సంతకం పెట్టేముందు మావాడు గొంతు సవరించుకున్నాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. “మూడు రోజులు, మా రూళ్ల పెకారం. అంతే గదా మావా?”

“అంతే. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు.”

బొటనవేలు ఆనించాడు. నేను ఇంటికొచ్చి అన్నం ముందు కూచుని లేచిపోయాను. అచ్చియ్యమ్మ తిట్టకుండా కంచం మీద మూతపెట్టింది. అందుకే భయమేసింది.

పదో కూత

ఓరి నాయనో, ఓరి నా తండ్రో! ఒక్కొక్కటే కూడబలుక్కుని రాస్తాను.

కూత కాగానే సూపర్వైజరు స్వయంగా హాల్లోకొచ్చాడు. “మూడు రోజులైంది. లేవండి.”

ఒక్కరూ లేవలేదు.

“కోత ఏడూ, నీకే. మైల అయిపోయింది.”

“ఎక్కడయింది బాబూ?” అన్నాడు మావాడు, ఎంతో వినయంగా. “పొద్దు ఇంకా అక్కడే ఉంది గదా. ఒక్క రోజు గూడా తిరగనేదు. ఇది గుంకాల, మళ్లా పొడవాల, అప్పుడొకటి. అలగ మూడు.”

సూపర్వైజరు కాగితం తీసి చదివాడు. మళ్లీ చదివాడు. కాగితం తిప్పి వెనక కూడా చూశాడు. పరుగెత్తుకుంటూ వెళ్లి సోమయాజులుగారిని తీసుకొచ్చాడు. పాపం ఆయన టవలు భుజాన వేసుకునే వచ్చేశారు.

“ఏమిటిది? రోజంటే రోజే! ఎవరైనా రోజంటే ఏమనుకుంటారు?”

“తమరి రూళ్లే గదా మావా. రోజనగా పొద్దుపొడుపు నించి పొద్దుపొడుపు వరకు.”

“అది తుడుపుకి రాసింది!”

“మైలకి ఏరే రోజు, తుడుపుకి ఏరే రోజా మావా? రోజంటే కూతే అయితే సెప్పండి, ఇప్పుడే లేత్తాం. కాకపోతే తుడుపు గూడా ఆ రోజుకే ఇయ్యాల. పొద్దే అయితే కూకుంటాం. ఏదో ఒకటి తమరే సెప్పండి, తమరు పెద్దోరు.”

సోమయాజులుగారు టవలుతో మెడ తుడుచుకున్నారు. “మంచినీళ్లు,” అన్నారు. జగ్గారావు నవ్వి నవ్వి ఎగిరాడు. ఇక్కడ ఎగరడం అంటే మామూలు కాదు, టెంటు గుడ్డకి తల తగిలి నెమ్మదిగా దిగాడు.

మూడు నెలలు కోత ఆగితే ఎలా? కోతకొచ్చిన ఓడలు అప్పటికే పైన వరసకట్టి తిరుగుతున్నాయి. అద్దాల వరండాలోంచి చూస్తే పెళ్లివారి బళ్లలా ఉన్నాయి!

అందరూ వెళ్లాక మావాణ్ణి మెల్లగా అడిగాను. “ఒరే, నిజం సెప్పు. ఆ ‘రూళ్ల పెకారం’ మాట తెలిసే అడిగినావా?”

వాడు గొంతు సవరించుకున్నాడు, రెండుసార్లు. “నాకేటి తెలుత్తాదయ్యా. పనోణ్ణి.”

నేను అబద్ధం చెప్పేముందు రెండుసార్లు గొంతు సవరించుకుంటానని అచ్చియ్యమ్మ నలభయ్యేళ్లుగా అంటోంది. ఇప్పుడు నమ్మాను!

పన్నెండో కూత

గెలిచాం! రోజనగా కూత నుంచి కూత వరకు, మనుషులకీ యంత్రాలకీ ఒకటే రోజు. కూతకొక తుడుపు, నూనెతో సహా. మైల మూడు కూతలూ ఎప్పుడో గడిచిపోయాయి కాబట్టి అందరూ పనిలోకి వెళ్లాలి. బల్ల మీద ఉన్నది కొయ్యాలన్న ముక్క మాత్రం కొట్టించేదాకా మావాడు వేలు ఆనించలేదు. కొట్టేశారు. తుక్కు నోటీసు కూడా చింపేశారు.

సోమయాజులుగారే దీక్ష విరమింపజేశారు. ఇక్కడ నిమ్మకాయలు దొరకవు, దొరికినా వీళ్లు తాగరు. స్టీలు గ్లాసులో నూనె పోసి ఒక్కొక్కరి భుజం కీలులో తలా రెండు చుక్కలు వేశారు. మావాడి దగ్గరికొచ్చేసరికి ఆయనకి కళ్లు చెమర్చాయి. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అన్న బెంగ కావచ్చు, నేను మాత్రం ప్రేమే అని రాసుకుంటున్నాను.

తర్వాత గాలి సూట్లు తొడుక్కెళ్లి పోలయ్యను మట్టిచేశాం. యార్డు వెనక మెత్తటి దుమ్ములో గొయ్యి తీసి, మా దుప్పటిలోనే చుట్టి. ఇన్నాళ్లూ ఏ దుమ్ము వాడి కీళ్లు కొరికిందో, దాంట్లోనే పడుకోబెట్టాం. పైకెత్తిన చెయ్యి ఎంతకీ దిగలేదు. మావాడు తన పట్టకారు తెచ్చి ఆ చేతిలో పెట్టాడు. “ఇదిగో బావా,” అన్నాడు, అంతే.

సాయంత్రం జగ్గారావు కాగితం పట్టుకుని ఊగిపోతూ వచ్చాడు. “మావా, మా రూళ్లు తిరగేసి సూసినాను. తల్లికీ తండ్రికీ తప్ప మాకు ఎవులు సచ్చిపోయినా సెలవు లేదు! యంత్రాలకి బావ పోతే మూడు రోజులు, మడుసులకి బావ పోతే గుండుసున్నా. వొచ్చే కూత నించీ సమ్మె!” మావాళ్లు కూడా మద్దతుగా గంటసేపు కత్తులు ఆపుతారట. ఇప్పుడు టెంటు కావలసింది వాళ్లకి. ఈసారి ఎటు తిప్పి కట్టాలో తేల్చుకోలేక పైనేమీ రాయకుండానే కడుతున్నారు.

ఇంటికి బయలుదేరుతుంటే గవరయ్య పిలిచాడు. “అయ్యా, కబురు సెప్పాల గదా. మైల అయినోల్లందరికీ.”

నిజమే. ఇన్ని కూతలూ గెలుపు గురించి గెంతుతూ చావు కబురు ఎవరికీ చెప్పలేదు. పలక తీసి రాస్తున్నాను, వాడు పక్కన కూచుని పేర్లు చెబుతున్నాడు.

చెప్పవలసిన చుట్టాలు:

మా తమ్ముడు రామినాయుడు, బొబ్బిలి. మరమేకుని కొడుకంటావేంట్రా అన్నాడు పోయినసారి. వాడికి ముందు గెలుపు చెప్పాలి, గట్టిగా, పక్కింటివాళ్లకి కూడా వినబడేలా.

అచ్చియ్యమ్మ అక్క సూరీడమ్మ, చీపురుపల్లి. పిల్లాడికి సంబంధం చూడమంటారా అని అడుగుతుంది. చెవుడు, రెండుసార్లు చెప్పాలి.

అవతలి యార్డులో కోత ఇరవై, ఇరవై ఒకటి. పోలయ్యకి పెదనాన్న పిల్లల వరస. తుడుపు సంగతి కూడా చెప్పాలి, వాళ్లకింకా నెలకొకటే.

సోమయాజులుగారు. మావ అయ్యారు కాబట్టి ఆయనకీ మైల తగిలినట్టే. తలస్నానం చెయ్యమనాలి. టవలు ఎలాగూ తెచ్చుకున్నారు.

డాక్టరుగారికి అక్కర్లేదు అన్నాను. మావాడు చెప్పమన్నాడు, ఆయన బరువు చూశారు కదా అని.

ఎర్రయ్య బావ, పలాస. ఈ పేరు మొదట రాయవలసింది, కిందికి కిందికి జరుపుతూ వచ్చాను. అమావాస్యకి తనే ఫోను చేస్తాడు, మావోడెలగున్నాడు బావా అంటాడు. అంతదాకా ఆగకూడదు, ఇప్పుడే కలపమన్నాను. నీ కొడుకు పేరు మీద ఇక్కడ అందరికీ ఒకటే రోజు వచ్చింది బావా అని చెప్పాలి. అంతకంటే ముందు వాడు పోయిన మాట చెప్పాలి. గొంతు సవరించుకోకుండా చెప్పాలి.